ఒక ‘వల్ల’కు ఎన్ని ఇంగ్లీషు మాటలు: 2012 గ్రిడ్ వైఫల్యాన్ని రాయడంపై ఒక కేస్ స్టడీ

అభ్యాసం చూడటానికి చిన్నదే. 2012 జులై 30, 31 తేదీల్లో సగం దేశానికి కరెంటు ఎందుకు పోయిందో ఒక పేజీ మించకుండా ఇంగ్లీషులో రాయాలి. చదివేవాళ్లు ఎలక్ట్రికల్ ఇంజినీర్లు కానక్కర్లేదు, కానీ చదివాక ఏది దేనికి దారితీసిందో వాళ్లు మళ్లీ చెప్పగలగాలి. విద్యుత్ సంస్థల్లో, ఫ్యాక్టరీల్లో, సాఫ్ట్‌వేర్ సపోర్ట్ టీముల్లో ఘటన నివేదికలు రాసే తెలుగువాళ్లకు ఇంగ్లీషు రాత నేర్పడానికి ఈ ఘటన చాలా అనుకూలం. విచారణ నివేదిక బహిరంగంగా దొరుకుతుంది. కారణాల గొలుసు పొడుగ్గా ఉంటుంది. పైగా ఆ గొలుసులో దాదాపు ఏ రెండు లంకెలూ ఒకే రకానివి కావు, అసలు చిక్కు అక్కడే.

జరిగింది ఏమిటి

ఉత్తర, పశ్చిమ, తూర్పు, ఈశాన్య ప్రాంతాల గ్రిడ్లు నాలుగూ అప్పటికే కలిసి ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడుస్తున్నాయి. దక్షిణ గ్రిడ్ మాత్రం వేరు. పశ్చిమాన వానలు పడి వాడకం తగ్గింది, అక్కడ కరెంటు మిగిలింది. ఉత్తరాది రాష్ట్రాలు షెడ్యూలుకు మించి లాగుతున్నాయి. తగ్గించమని లోడ్ డిస్పాచ్ కేంద్రాలు (గ్రిడ్ నడకను చూసే కంట్రోల్ రూములు) చెప్పినా స్పందన అంతంతమాత్రం. ప్రాంతాల మధ్య లైన్లు చాలా వరకు సర్వీసులో లేవు. కొన్నిటిని పనుల కోసం ఆపారు, కొన్ని అనుకోకుండా పోయాయి. మధ్యప్రదేశ్‌లో బీనా నుంచి గ్వాలియర్‌కు వెళ్లే 400 కేవీ సర్క్యూట్లు రెండింటిలో రెండోదాన్ని 765 కేవీకి పెంచే పని కోసం ఆపి ఉంచారు. ఒకటో సర్క్యూట్ మీద లోడు బాగా పెరిగింది.

ఇక్కడ రిలే సంగతి కొంచెం చెప్పాలి. లైనును కాపాడే డిస్టెన్స్ రిలే వోల్టేజిని కరెంటుతో భాగించి ఇంపీడెన్స్, అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు, చూస్తుంది. అది నిర్ణయించిన హద్దు కంటే తగ్గితే లైనులో ఎక్కడో ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ లాంటి దోషం) పడిందని లెక్కేసి బ్రేకర్‌కు ట్రిప్ ఆదేశం, అంటే లైను తెంచమన్న ఆదేశం, ఇస్తుంది. జోన్-3 అంటే ఆ హద్దుల్లో అన్నిటికన్నా దూరం చూసేది, కొంత ఆలస్యంగా పనిచేసే బ్యాకప్. కరెంటు బాగా పెరిగి, అదే సమయంలో వోల్టేజి పడిపోతే ఏ ఫాల్టూ లేకుండానే ఇంపీడెన్స్ జోన్-3లోకి జారవచ్చు. దీన్నే లోడ్ ఎన్‌క్రోచ్‌మెంట్ అంటారు. జులై 30 తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలకు బీనా–గ్వాలియర్ ఒకటో సర్క్యూట్ విషయంలో జరిగింది ఇదే.

ఆ లైను పోగానే పశ్చిమం నుంచి ఉత్తరానికి వెళ్లాల్సిన పవర్ తూర్పు మీదుగా చుట్టు తిరిగింది. పవర్ స్వింగ్, అంటే ప్రాంతాల మధ్య పవర్ అటూ ఇటూ ఊగడం, మొదలైంది. స్వింగ్ కేంద్రం (ఆ ఊపులో వోల్టేజి అన్నిటికన్నా పడిపోయే చోటు) ఉత్తర, తూర్పు ప్రాంతాల మధ్య పడటంతో అక్కడి టై లైన్లు (రెండు ప్రాంతాలను కలిపే లైన్లు) ట్రిప్ అయి ఉత్తర గ్రిడ్ విడిపోయింది. విడిపోయాక ఉత్పత్తి చాలక ఫ్రీక్వెన్సీ పడిపోయి, లోపలి స్వింగులూ తోడై గ్రిడ్ కూలింది. ఫ్రీక్వెన్సీ తగ్గగానే కొంత లోడును వాటంతటవే తెంచాల్సిన రిలేలు తగినంత ఊరట ఇవ్వలేకపోయాయి. సుమారు 36,000 మెగావాట్ల లోడుకు సరఫరా ఆగింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ అదే లైను, అదే జోన్-3. కానీ స్వింగ్ కేంద్రం ఈసారి తూర్పు ప్రాంతం లోపల, పశ్చిమ సరిహద్దుకు దగ్గరగా పడింది. ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ పశ్చిమం నుంచి తెగి కూలాయి, సుమారు 48,000 మెగావాట్లు. పశ్చిమ గ్రిడ్ నిలబడింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ అధ్యక్షుడి ఆధ్వర్యంలోని విచారణ సంఘం ఆగస్టు 16న నివేదిక ఇచ్చింది.

తెలుగు వాక్యం దాచేది

పై పేరాలో ఒక్క వాక్యాన్ని మళ్లీ చూడండి: ‘స్వింగ్ కేంద్రం మధ్యలో పడటంతో టై లైన్లు ట్రిప్ అయి ఉత్తర గ్రిడ్ విడిపోయింది’. తెలుగులో దీనికి వంక పెట్టడానికి లేదు. కానీ ‘పడటంతో’ అన్నది కారణమా, అదే సమయానికి జరిగిందన్న మాటా? ‘ట్రిప్ అయి’ అన్న క్త్వార్థకం (‘-ఇ’తో ముగిసే అసమాపక క్రియ) ముందు అది, తర్వాత ఇది అంటోందా, దానివల్ల ఇది అంటోందా? నిజానికి రెండూ కాదు. టై లైన్లు తెగడమే ఉత్తరం విడిపోవడం. ఒకే సంఘటనకు అవి రెండు ముఖాలు. తర్వాతి వాక్యంలోని ‘చాలక’ ఇంకో రకం: లేకపోవడమే కారణం. ‘తోడై’ మరో రకం: ఇది ఒంటరిగా కూల్చలేదు, కూలడానికి సాయపడింది.

బళ్లో విభక్తులు వల్లె వేసినవాళ్లకు ‘వలనన్, కంటెన్, పట్టి, పంచమీ విభక్తి’ ఇప్పటికీ నోట్లో ఆడుతుంది. అందులోని ‘పట్టి’ నేటి వాడుకలో ‘కాబట్టి’లో, ‘దాన్ని బట్టి’లో మిగిలింది. ఆ రెండింటి మధ్య తేడా గమనిస్తే సగం పని అయినట్టే. ‘దాన్ని బట్టి చూస్తే’ అన్నప్పుడు మనం జరిగింది చెప్పడం లేదు, ఊహించి తేల్చుకున్నది చెబుతున్నాం. ‘దాంతో’ అన్నప్పుడు జరిగింది చెబుతున్నాం. ‘వల్ల’ మాత్రం అన్నిటికీ సరిపోతుంది: పిడుగు వల్ల, నిర్లక్ష్యం వల్ల, వాన లేకపోవడం వల్ల, మీ దయ వల్ల. ఇంగ్లీషులో ఇంత ఉదారమైన మాట లేదు. ప్రతి లంకె దగ్గరా ఇది ఏ రకం లంకె అని రాసేవాళ్లే తేల్చి చెప్పాలి. తేల్చుకోకుండా ‘వల్ల’కు ‘డ్యూ టు’ పెట్టేసుకుంటూ పోతే వ్యాకరణం తప్పినా తప్పకపోయినా అర్థం తప్పుతుంది.

మొదటి చిత్తు

అభ్యాసాల్లో వచ్చే మొదటి చిత్తులు ఇంచుమించు ఈ పోలికలో ఉంటాయి:

‘డ్యూ టు ది లైన్ వాజ్ ఓవర్‌లోడెడ్, ఇట్ గాట్ ట్రిప్డ్ బికాజ్ ఆఫ్ ఫాల్ట్. సో పవర్ స్వింగ్ కేమ్ అండ్ హెన్స్ నార్తర్న్ గ్రిడ్ సెపరేటెడ్, విచ్ లెడ్ టు కొలాప్స్. సిన్స్ ది స్టేట్స్ వర్ ఓవర్‌డ్రాయింగ్, దిస్ డామినో ఎఫెక్ట్ హ్యాపెన్డ్. సేమ్ రీజన్ ఫర్ సెకండ్ డే ఆల్సో.’

వ్యాకరణం దిద్దేవాళ్లు మొదట ‘డ్యూ టు’ పట్టుకుంటారు. దాని తర్వాత వాక్యం రాదు, నామవాచకం రావాలి: ‘డ్యూ టు హెవీ లోడింగ్’. ‘డ్యూ టు’ను క్రియకు కాకుండా నామానికే తగిలించాలి అనే పాత పట్టింపు ఒకటుంది, ఇవాళ దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఇది నిమిషంలో దిద్దే తప్పు. ‘బికాజ్’తో మొదలెట్టి మధ్యలో మళ్లీ ‘సో’ పెట్టడం, ‘ది రీజన్ ఈజ్ బికాజ్’ అనడం కూడా అంతే. ఈ చిత్తులో ప్రమాదకరమైనవి మాత్రం వ్యాకరణం దిద్దినా మిగిలిపోయేవి.

మొదటిది ‘ఓవర్‌లోడెడ్’. ఈ మాట లైను తన పరిమితి దాటిందని చెబుతుంది. జోన్-3 ట్రిప్ కావడానికి పరిమితి దాటనక్కర్లేదు, రిలే హద్దులోకి జారితే చాలు. ‘హెవీలీ లోడెడ్’ అనాలి. ఒక్క ఉపసర్గ మారితే తప్పు నడిపేవాళ్లదా, రిలే సెట్టింగుదా అన్న తీర్పు మారుతుంది.

రెండోది ‘ఫాల్ట్’. పవర్ రంగంలో ఫాల్ట్ అంటే షార్ట్ సర్క్యూట్ లాంటి విద్యుత్ దోషం. మామూలు ఇంగ్లీషులో తప్పు, నిందార్హత. ఈ కేసులో మొదటి అర్థంలో ఫాల్ట్ లేనే లేదు, విచారణ తేల్చిన ముఖ్యాంశాల్లో అదొకటి. చిత్తు రాసినవాళ్లు దాన్ని నేరుగా తలకిందులు చేశారు. బయటి పాఠకుల కోసం రాసేటప్పుడు ‘నో షార్ట్ సర్క్యూట్ వాజ్ ఫౌండ్’ అనడం సురక్షితం. ‘నో ఫాల్ట్ వాజ్ ఫౌండ్’ అని వదిలేస్తే ఎవరి తప్పూ లేదట అని చదువుకుని పోతారు.

మూడోది ‘గాట్ ట్రిప్డ్’. ఇంగ్లీషులో ‘ట్రిప్’ సకర్మకమూ, అకర్మకమూ. ‘ది రిలే ట్రిప్డ్ ది బ్రేకర్’ అనవచ్చు, ‘ది లైన్ ట్రిప్డ్’ అనవచ్చు. ‘ది లైన్ వాజ్ ట్రిప్డ్’ అంటే ఎవరో తెంచారన్న ధ్వని వస్తుంది, కంట్రోల్ రూంలో కూర్చున్న మనిషి తెంచాడని కూడా అర్థం చేసుకోవచ్చు. మనిషి తెరిచినదాన్ని ‘వాజ్ మాన్యువల్లీ ఓపెన్డ్’, ‘వాజ్ టేకెన్ ఔట్ ఆఫ్ సర్వీస్’ అని విడిగా చెప్పాలి. ఈ గొలుసులో రెండూ ఉన్నాయి: రెండో సర్క్యూట్‌ను మనుషులు ఆపారు, ఒకటో సర్క్యూట్‌ను రిలే తెంచింది. తెలుగులో ‘ఆపారు’, ‘ట్రిప్ అయింది’ అని మనం సహజంగానే వేరుగా అంటాం. ఆ తేడాను ఇంగ్లీషులోకి దాటించకపోవడమే లోపం.

ముందు గీత, తర్వాత మాట

దిద్దే పని కాగితం మీద పెట్టెలు గీయడంతో మొదలవుతుంది. ఒక్కో పెట్టెలో ఒక్క సంఘటన లేదా ఒక్క స్థితి. సంఘటనకు వేళ ఉంటుంది, స్థితికి ఉండదు. రెండో సర్క్యూట్ ఆపి ఉండటం స్థితి, ఒకటో సర్క్యూట్ ట్రిప్ కావడం సంఘటన. పెట్టెల మధ్య బాణం గీసిన ప్రతిచోటా ఒక ప్రశ్న: ఎడమ పెట్టె లేకపోతే కుడి పెట్టె వచ్చేదా? ఎడమ పెట్టె ఒక్కటే ఉంటే కుడి పెట్టె వచ్చేదా? ఈ రెండు జవాబులతో క్రియ దాదాపు ఖాయమవుతుంది.

లేకపోతే వచ్చేది కాదు, ఒక్కటే ఉన్నా చాలదు అంటే అది సాయపడిన కారణం. ‘కాంట్రిబ్యూటెడ్ టు’, ‘వాజ్ ఎ ఫ్యాక్టర్ ఇన్’. ఉత్తరాది ఎక్కువ లాగడం ఈ కోవలోకి వస్తుంది. దాన్ని ‘కాజ్డ్ ది బ్లాక్ఔట్’ అని రాస్తే మిగతా లైన్లన్నీ ఆపి ఉన్న సంగతి మాయమైపోతుంది. స్థితి అయితే ‘లెఫ్ట్’ చాలా మంచి క్రియ: ‘ది ఔటేజెస్ హ్యాడ్ లెఫ్ట్ ది ఇంటర్‌ఫేస్ వీక్’. తెలుగువాళ్ల ఇంగ్లీషులో ఈ వాడుక అరుదు, ఎందుకంటే ‘వదిలేసింది’ అన్న అర్థమే మొదట తడుతుంది. ఇక్కడ ‘లెఫ్ట్’ అంటే ఫలానా స్థితిలో మిగిల్చింది అని. ‘హ్యాడ్’ పెట్టడం వల్ల అది గొలుసు మొదలవకముందే ఉన్న స్థితి అని తెలుస్తుంది. గొలుసు మొత్తాన్ని మామూలు భూతకాలంలో నడిపి, ముందటి స్థితులకు మాత్రమే ‘హ్యాడ్’ వాడితే కాలక్రమం విడిగా చెప్పక్కర్లేదు.

చివరి నెట్టు ఇచ్చినదానికి ‘ట్రిగర్డ్’ లేదా ‘సెట్ ఆఫ్’. ట్రిగర్ అనగానే పాఠకుడి మనసులో ఒక బొమ్మ వస్తుంది: తుపాకీ ముందే నిండి ఉంది, ఇది మీట నొక్కింది అంతే. బీనా–గ్వాలియర్ ట్రిప్‌కు ఇది సరిగ్గా సరిపోతుంది. ఉత్తర ప్రాంతం కూలిపోవడం ఆ ఒక్క లైను శక్తి కాదు, ఆ వేళకు గ్రిడ్ ఉన్న తీరు అలాంటిది. ‘కాజ్డ్’ను దాచుకుని నిజంగా ఒకటి మరోదాన్ని పుట్టించిన చోటే ఖర్చు చేయాలి. ‘లెడ్ టు’ మధ్యస్థం: మధ్యలో ఇంకా మెట్లున్నాయి, వాటిని ఇప్పుడు చెప్పడం లేదు అని దాని అర్థం. అందుకే నివేదిక సారాంశంలో అది సరే, వివరంగా చెప్పాల్సిన పేరాలో అదే మాట కనిపిస్తే రాసినవాళ్లు మెట్టు దాటేశారని అనుమానించాలి. చిత్తులో ‘సెపరేటెడ్, విచ్ లెడ్ టు కొలాప్స్’ అన్నది అలాంటిదే. విడిపోవడానికీ కూలడానికీ మధ్య ఉత్పత్తి చాలకపోవడం, లోడు తగినంత తెగకపోవడం అనే రెండు మెట్లున్నాయి. విచారణలో అందరూ అడిగేది వాటి గురించే.

‘రిజల్టెడ్ ఇన్’, ‘రిజల్టెడ్ ఫ్రమ్’ దిక్కులు ఎదురెదురు. మొదటిదాని తర్వాత ఫలితం, రెండోదాని తర్వాత కారణం. వాక్యం పొడుగైతే చేయి తిరిగినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. బాణం వేలితో చూపించి చదవడమే మందు.

‘ట్రిప్ అయి విడిపోయింది’ లాంటి ఒకే సంఘటన రెండు ముఖాలకు ఇంగ్లీషులో ‘ఇంగ్’ తోక బాగా పనిచేస్తుంది: ‘ది టై లైన్స్ ట్రిప్డ్, ఐసొలేటింగ్ ది నార్త్’. మధ్యలో కాలం లేదు, మరో మెట్టు లేదు అని ఆ తోకే చెబుతుంది. అదే తోకను దూరపు ఫలితానికి తగిలిస్తే చెడుతుంది. ‘ది లైన్ ట్రిప్డ్, లీవింగ్ మిలియన్స్ వితౌట్ పవర్’ పత్రికకు బాగుంటుంది, నివేదికకు కాదు. ‘విచ్’ తోక అంతకన్నా ప్రమాదం. ‘విచ్’ దేన్ని పట్టుకుంటుంది: వెనకున్న చివరి నామాన్నా, వాక్యం మొత్తాన్నా? చిత్తులో ‘విచ్’ గ్రిడ్‌ను పట్టుకుందో విడిపోవడాన్ని పట్టుకుందో తేలదు.

గొలుసు సాగదీసేటప్పుడు ఇంగ్లీషు రాతగాళ్లు చేసే పని ఒకటుంది. ముందు వాక్యంలోని క్రియను తర్వాతి వాక్యంలో నామంగా ఎత్తుకుంటారు. ‘ది సర్క్యూట్ ట్రిప్డ్’ అన్నాక తర్వాతి వాక్యం ‘ది ట్రిప్ షిఫ్టెడ్ పవర్ టు ది ఈస్టర్న్ రూట్’ అని, ఆ తర్వాతిది ‘ది రిజల్టింగ్ స్వింగ్’ అని మొదలవుతుంది. దండలో ఒక పువ్వు కాడ ఇంకో పువ్వు కాడకు ముడిపడ్డట్టు. మనం ‘దాంతో’, ‘దీనివల్ల’ అని ముడేస్తాం కాబట్టి ఇంగ్లీషులోనూ వట్టి ‘దిస్’ పెడతాం. వట్టి ‘దిస్’ ఎప్పుడూ అనుమానమే. ‘దిస్ స్వింగ్’, ‘దిస్ సెపరేషన్’ అని పక్కన నామం ఉంచితే సగం అస్పష్టత పోతుంది.

కాబట్టి, దాంతో

చిత్తులోని ‘హెన్స్’ మన ఆఫీసు ఇంగ్లీషుకు పట్టిన అలవాటు. ‘హెన్స్’, ‘దేర్‌ఫోర్’, ‘దస్’ మూడూ ‘దాన్ని బట్టి’ కోవకు చెందినవి, తర్కంలో తేల్చుకున్నవాటికి. ‘యాజ్ ఎ రిజల్ట్’, ‘కాన్సిక్వెంట్లీ’ జరిగినవాటికి దగ్గర. ‘నో షార్ట్ సర్క్యూట్ వాజ్ రికార్డెడ్, ది ట్రిప్ వాజ్ దేర్‌ఫోర్ అట్రిబ్యూటెడ్ టు లోడ్ ఎన్‌క్రోచ్‌మెంట్’ సరైన వాడుక, అక్కడ మనుషులు ఆలోచించి తేల్చారు. ‘స్వింగ్ కేమ్ అండ్ హెన్స్ గ్రిడ్ సెపరేటెడ్’ అంటే గ్రిడ్డే కూర్చుని తర్కించుకుని విడిపోయినట్టుంటుంది.

‘సిన్స్’, ‘యాజ్’ రెండూ కాలాన్నీ కారణాన్నీ మోస్తాయి, మన ‘-డంతో’ లాగే. ‘సిన్స్ ది స్టేట్స్ వర్ ఓవర్‌డ్రాయింగ్’ అన్నది ‘లాగుతున్నప్పటి నుంచి’ అని చదువుకునేవాళ్లు ఉంటారు. వేళలు నిండిన నివేదికలో ఈ రెండింటినీ కారణానికి వాడకపోతే మేలు.

కాకతాళీయం అన్న మాట మనకు ఉంది: కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి వాలడం వల్లే రాలిందని చెప్పలేం. ఇంగ్లీషులో దీనికి తగ్గ జాగ్రత్త మాటలు ‘ఫాలోడ్’, ‘కోఇన్‌సైడెడ్ విత్’. రెండో సర్క్యూట్ పని జరుగుతున్న రోజుల్లోనే పశ్చిమాన వానలు పడి లోడు తగ్గింది. ఒకదానికొకటి కారణం కాదు, రెండూ కలిసి గ్వాలియర్ దారి మీద పడ్డాయి. ఇక్కడ ‘కోఇన్‌సైడెడ్ విత్’ నిజం, ‘లెడ్ టు’ అబద్ధం. రుజువు అరకొరగా ఉన్నచోట ‘అపియర్స్ టు హ్యావ్’, ‘ఈజ్ లైక్లీ టు హ్యావ్’ పెట్టాలి, అయితే ఒక్క వాక్యంలో ఒక్కసారే. ‘మే పాసిబ్లీ హ్యావ్ ప్రాబబ్లీ’ అని దొంతర పేర్చితే రాసినవాళ్లకే నమ్మకం లేదని తెలిసిపోతుంది.

డామినో ఎందుకు కాదు

ఉపమానాల దగ్గర ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు తరచూ చేతికందినది వాడేస్తారు, వాటన్నిటి అర్థం ఒకటేనని అనుకుంటారు. ఒక్కోదానికి ఒక్కో ఆకారం ఉంది. డామినో అంటే ఒకే సైజు బిళ్లలు వరుసగా నిలబెట్టారు, ఒకటి పక్కదాన్ని తోసింది, ప్రతి తోపూ సమానం. గ్రిడ్డులో అలా కాదు. ఒక లైను తెగితే దాని భారం మిగిలిన లైన్లకు పంచబడుతుంది, ప్రతి మెట్టులో మిగిలినవాటి మీద బరువు పెరుగుతుంది. అందుకే ఈ రంగం వాడుక ‘క్యాస్కేడింగ్’, మెట్టు మెట్టుకూ ఉధృతమయ్యే జలపాతం. ‘రిపుల్ ఎఫెక్ట్’ దీనికి పూర్తి వ్యతిరేకం, చెరువులో అల దూరం పోయేకొద్దీ సన్నబడుతుంది. ‘నాక్-ఆన్ ఎఫెక్ట్’ బ్రిటిష్ వాడుక, పక్క ప్రభావాలకు సరిపోతుంది: ఢిల్లీలో మెట్రో ఆగడం, రైళ్లు నిలిచిపోవడం. ‘చెయిన్ రియాక్షన్’ను మన పాఠ్యపుస్తకాలు శృంఖలా చర్య అన్నాయి. ఆగకుండా తనను తాను నడుపుకునే ప్రక్రియకు అది బాగుంటుంది.

‘విషస్ సర్కిల్’, మన విషవలయం, ఈ కేసు మొత్తానికి అతకదు గానీ లోపల ఒక చోట అతుకుతుంది. విడిపోయిన ప్రాంతంలో ఫ్రీక్వెన్సీ పడితే కొన్ని జనరేటర్లు తమను తాము కాపాడుకోవడానికి ట్రిప్ అవుతాయి, దాంతో ఫ్రీక్వెన్సీ ఇంకా పడుతుంది. గీసేటప్పుడు బాణం వెనక్కి తిరిగిన చోటే ఈ మాట వాడాలి. ముందుకే పోయే గొలుసును వలయం అనకూడదు.

మన సామెతల్లోనూ ఈ ఆకారాలున్నాయి, ఏ ఇంగ్లీషు మాట కావాలో వెతకడానికి అవి దారి చూపిస్తాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అనిపిస్తే ‘కాంపౌండెడ్ బై’. చిలికి చిలికి గాలివాన అనిపిస్తే ‘ఎస్కలేటెడ్’ లేదా ‘స్నోబాల్డ్’. పేకమేడలా కూలిందనిపిస్తే ఆగాలి. ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ అంటే కట్టడమే తప్పుగా కట్టారన్న నింద ఉంటుంది. నివేదికలో అది తీర్పు అవుతుంది, తీర్పుకు ఆధారం చూపించాలి.

జరగనిది కూడా కారణమే

లోడు తగ్గించమన్న సూచనలకు తగిన స్పందన రాలేదు. ఫ్రీక్వెన్సీ రిలేలు తగినంత లోడు తెంచలేదు. జరగని పనులు ఇవి. ‘నాట్ రిడ్యూసింగ్ లోడ్ కాజ్డ్ ట్రిప్పింగ్’ అంటే ఇంగ్లీషు చెవికి ఎబ్బెట్టు. ‘ఇన్‌అడిక్వేట్ లోడ్ షెడింగ్ డిడ్ నాట్ అరెస్ట్ ది ఫాల్ ఇన్ ఫ్రీక్వెన్సీ’ అనవచ్చు. ‘ఫెయిల్డ్ టు’ వాడితే అది వాళ్ల బాధ్యత అన్న అర్థం వెంట వస్తుంది, ‘డిడ్ నాట్’ వాడితే రాదు. తెలుగులో ‘చేయలేదు’, ‘చేయలేకపోయింది’, ‘చేయకుండా వదిలేశారు’ అన్న మూడు మెట్లు ఉన్నాయి. వీటికి సరిగ్గా ‘డిడ్ నాట్’, ‘వాజ్ అనేబుల్ టు’, ‘ఫెయిల్డ్ టు’. యంత్రానికి ‘ఫెయిల్డ్ టు ఆపరేట్’ అనడం సాంకేతిక వాడుకే, మనుషులకు అన్నప్పుడే జాగ్రత్త.

‘తగ్గించి ఉంటే ట్రిప్ అయ్యేది కాదు’ లాంటి వాక్యంలో తప్పు ఎప్పుడూ ఒకేచోట: ‘ఇఫ్ ది లోడ్ వుడ్ హ్యావ్ బీన్ రెడ్యూస్డ్’. ‘ఇఫ్’ పక్కన ‘వుడ్’ ఉండదు. ‘హ్యాడ్ ది లోడ్ బీన్ రెడ్యూస్డ్, ది సర్క్యూట్ వుడ్ ప్రాబబ్లీ నాట్ హ్యావ్ ట్రిప్డ్’. ఆ ‘ప్రాబబ్లీ’ మర్యాద కోసం కాదు. జరగనిదాని గురించి చెప్పేది లెక్కే గానీ రికార్డు కాదు.

దిద్దిన ప్రతి

‘బై లేట్ జులై 2012, లైన్ ఔటేజెస్ హ్యాడ్ లెఫ్ట్ ది లింక్ బిట్వీన్ ది వెస్టర్న్ అండ్ నార్తర్న్ రీజియన్స్ వీక్. ఓవర్‌డ్రాయల్ ఇన్ ది నార్త్, కోఇన్‌సైడింగ్ విత్ సర్‌ప్లస్ పవర్ ఇన్ ది వెస్ట్, పుట్ ఎ హెవీ లోడ్ ఆన్ ది ఓన్లీ బీనా–గ్వాలియర్ సర్క్యూట్ ఇన్ సర్వీస్. ఎట్ 02:33 ఆన్ 30 జులై దట్ సర్క్యూట్ ట్రిప్డ్ ఆన్ జోన్-3. నో షార్ట్ సర్క్యూట్ వాజ్ ఫౌండ్: హై కరెంట్ అండ్ లో వోల్టేజ్ హ్యాడ్ బ్రాట్ ది మెజర్డ్ ఇంపీడెన్స్ విదిన్ ది రిలేస్ రీచ్. ది ట్రిప్ షిఫ్టెడ్ పవర్ టు ది లాంగర్ రూట్ త్రూ ది ఈస్ట్ అండ్ సెట్ ఆఫ్ ఎ పవర్ స్వింగ్. ది టై లైన్స్ బిట్వీన్ నార్త్ అండ్ ఈస్ట్ దెన్ ట్రిప్డ్, ఐసొలేటింగ్ ది నార్త్. లోడ్ షెడింగ్ వాజ్ ఇన్‌అడిక్వేట్ టు అరెస్ట్ ది ఫాల్ ఇన్ ఫ్రీక్వెన్సీ, అండ్ ది ఐసొలేటెడ్ సిస్టమ్ కొలాప్స్డ్.’

ఇందులో ‘బికాజ్’, ‘డ్యూ టు’, ‘హెన్స్’ ఒక్కటీ లేవు. కారణం పని అంతా క్రియలు చేస్తున్నాయి: లెఫ్ట్, పుట్, బ్రాట్, షిఫ్టెడ్, సెట్ ఆఫ్, ఐసొలేటింగ్. పై అధికారికి వెళ్లే ప్రతిలో ఈ వరుసను తలకిందులు చేసి, ముందు ఫలితం, తర్వాత వెనక్కి కారణాలు చెప్పాల్సి వస్తుంది. తెలుగు వాక్యం ఫలితాన్ని చివరి క్రియ దాకా దాచుకుంటుంది, ఇంగ్లీషు సారాంశం మొదటి వాక్యంలోనే బయటపెడుతుంది. అప్పుడు ‘ఫాలోడ్’, ‘రిజల్టెడ్ ఫ్రమ్’, ‘వాజ్ ట్రిగర్డ్ బై’ లాంటి వెనక్కి చూసే క్రియలు కావాలి.

రెండో రోజుకు ‘సేమ్ రీజన్’ అనడం పెద్ద తప్పు. ట్రిగర్ ఒకటే, దారి వేరు, అందుకే ఫలితం వేరు. ‘ది ట్రిగర్ వాజ్ ది సేమ్, బట్ ది స్వింగ్ సెంటర్ లే ఇన్ ది ఈస్ట్, నియర్ ది వెస్టర్న్ బౌండరీ, సో త్రీ రీజియన్స్ రాదర్ దాన్ వన్ వర్ కట్ ఆఫ్.’ ఇక్కడ ‘సో’ దిద్దక్కర్లేదు, అది చిన్నదైనా తన పని తాను చేస్తోంది.

మిగిలింది దక్షిణం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్న దక్షిణ గ్రిడ్ తూర్పు నుంచి వచ్చే పవర్ కోల్పోయినా నిలబడింది. ఒడిశాలోని తాల్చేర్ నుంచి కర్ణాటకలోని కోలార్‌కు వచ్చేది హెచ్‌వీడీసీ లైను, అంటే ఎక్కువ వోల్టేజి మీద డీసీగా పవర్ పంపేది. పశ్చిమం నుంచి కొంత పవర్ అందడం, ఫ్రీక్వెన్సీ తగ్గగానే ఆటోమేటిక్‌గా లోడు తెగడం, హెచ్‌వీడీసీ లింకుల్లో పవర్‌ను సర్దడం దాన్ని కాపాడాయి. ‘సౌత్ ఎస్కేప్డ్ డ్యూ టు డీసీ లింక్’ అని చాలామంది రాస్తారు. డీసీ లింకు ఫ్రీక్వెన్సీ కల్లోలాన్ని లోపలికి రానివ్వలేదు, కానీ పోయిన మెగావాట్లను అది తెచ్చిపెట్టలేదు. ఆ పని లోడు తెంచడం చేసింది. రెండు పనులకు రెండు క్రియలు: ‘ది డీసీ లింక్స్ కెప్ట్ ది డిస్టర్బెన్స్ ఔట్, అండ్ ఆటోమేటిక్ లోడ్ షెడింగ్ మేడ్ అప్ ఫర్ ది లాస్ట్ ఇంపోర్ట్.’ ఈ పేరాలో కాలం కూడా చూసుకోవాలి. 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఏసీ పద్ధతిలోనే కలిసిపోయింది. ‘ది సదర్న్ గ్రిడ్ ఈజ్ లింక్డ్ ఓన్లీ బై డీసీ’ అని పాత నోట్సు నుంచి ఎత్తి రాస్తే వాక్యం తప్పు. ‘వాజ్ దెన్ లింక్డ్’ అనాలి.